1937 బెంగాల్: రైతుల పార్టీ గెలిచింది, రెవెన్యూ శాఖ ఎవరికి వెళ్లింది?

మీరు మూడు సంగతులు అడిగారు. రైతుల పేరు మీద పుట్టిన పార్టీ మన దేశంలో ఎప్పుడైనా ఒక రాష్ట్రంలో ప్రభుత్వం ఏర్పాటు చేసిందా? చేస్తే మంత్రులు ఎవరు? చివరికి రైతుకు ఒరిగిందేమిటి? మీ తాతగారి ట్రంకు పెట్టెలో జమీందారీ కాలం నాటి శిస్తు రసీదులు దొరికాయని, వాటిని చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న వదలడం లేదని కూడా రాశారు. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. పుట్టింది కూడా ఒకప్పటి జమీందారీ ఊళ్లోనే. అందుకని ఈ జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

అవును, చేసింది. 1937 ఏప్రిల్ 1న బెంగాల్ ప్రావిన్సులో కృషక్ ప్రజా పార్టీ నాయకుడు ఎ.కె. ఫజ్లుల్ హక్ ప్రభుత్వం ఏర్పాటు చేశాడు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం అమల్లోకి వచ్చింది సరిగ్గా ఆ రోజే. అప్పట్లో ముఖ్యమంత్రి అనే మాట లేదు, ప్రావిన్సు ప్రభుత్వ పెద్దను ప్రధాని అనేవారు. అలా అవిభక్త బెంగాల్‌కు మొదటి ప్రధాని ఒక రైతు పార్టీ నాయకుడు. కానీ అది సంకీర్ణ ప్రభుత్వం. అసలు కథంతా ఆ సంకీర్ణంలోనే ఉంది.

ముందు ‘ప్రజా’ అనే మాట చూద్దాం. మనకు ప్రజ అంటే జనం. బెంగాల్ పల్లెల్లో ప్రజ అంటే జమీందారు కింద భూమి దున్నుకుని శిస్తు కట్టేవాడు. మన ఉత్తర సర్కారుల్లో రైతు అన్నట్టే. కాబట్టి కృషక్ ప్రజా పార్టీ అంటే జమీందారీ రైతుల పార్టీ అని అర్థం చేసుకోవాలి.

ఆ రైతు పరిస్థితి మనకు కొత్తదేమీ కాదు. 1793లో కారన్‌వాలిస్ బెంగాల్లో పెట్టిన శాశ్వత పరిష్కార విధానాన్నే 1802లో మన వైపుకు తెచ్చారు. జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కషు శాశ్వతంగా ఖరారైపోయింది. రైతు జమీందారుకు కట్టే శిస్తుకు మాత్రం అలాంటి కట్టడి లేదు. బెంగాల్లో ఇంకో పీడ కూడా ఉంది. జమీందారుకు, దున్నేవాడికి మధ్య అంచెలంచెలుగా దళారీ హక్కుదారులు. బాకర్‌గంజ్ జిల్లాలో, అంటే ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న బరిసాల్ ప్రాంతంలో, ఈ మెట్లు కొన్ని చోట్ల పదికి మించి ఉండేవి. పొలంలో పండిన పంట మీద అంతమంది బతకాలి. ఫజ్లుల్ హక్ పుట్టింది ఆ జిల్లాలోనే, 1873లో.

అసలు శిస్తు ఒక ఎత్తు, దాని మీద పడేవి ఒక ఎత్తు. బెంగాల్లో వాటిని ‘అబ్వాబ్’ అనేవారు. జమీందారు ఇంట్లో పెళ్లయితే ఒకటి, పండగైతే ఒకటి, జమీందారు ఉద్యోగి నాయబు ఊళ్లోకొస్తే ఒకటి. అవి చట్టవిరుద్ధమని కాగితాల మీద ఎప్పటి నుంచో ఉంది, వసూలు మాత్రం ఆగలేదు. భూమి అమ్ముకుంటే ‘సలామీ’ అని ఇంకోటి. 1928లో చేసిన చట్ట సవరణ దీన్ని ఆపకపోగా ఖాయం చేసింది: అమ్మకం ధరలో 20 శాతం జమీందారుకు. అంటే కూతురి పెళ్లి కోసమో అప్పు తీర్చడానికో రైతు తన భూమి చెక్క వంద రూపాయలకు అమ్ముకుంటే ఇరవై రూపాయలు జమీందారు కచేరీకి పోతాయి. పైగా ఆ భూమిని ముందుగా తానే కొనుక్కునే హక్కు కూడా జమీందారుకే.

దానికి తోడు 1930ల మాంద్యం. తూర్పు బెంగాల్ రైతు చేతికి డబ్బు వచ్చేది జనపనార వల్ల. ధర కుప్పకూలింది. శిస్తు తగ్గలేదు, మహాజను, అంటే వడ్డీ వ్యాపారి, వేసే వడ్డీ తగ్గలేదు. ఆ కోపంలోంచే రైతు పార్టీ ఎదిగింది.

1929లో నిఖిల్ బంగ ప్రజా సమితి ఏర్పడింది. 1935లో హక్ దాని అధ్యక్షుడయ్యాడు, 1936లో అదే కృషక్ ప్రజా పార్టీ అయింది. ఆయన లాయరు, కలకత్తాకు మేయరుగా చేసినవాడు, మంచి వక్త. బరిసాల్ యాసలో మాట్లాడితే పల్లె జనం తమ మనిషే అనుకునేవారు. ఎన్నికల్లో ఆయన ఇచ్చిన నినాదం ‘దాల్ భాత్’. ప్రతి ఇంటికీ పప్పూ అన్నమూ. మనకు పప్పన్నం అంటే పెళ్లి భోజనం గుర్తొస్తుంది. అక్కడ దాల్ భాత్ అంటే రోజూ గడవడానికి కావలసిన కనీసపు తిండి. ఆ కనీసాన్నే ఎన్నికల హామీగా పెట్టాల్సి వచ్చిందంటే పల్లెలు ఎలా ఉన్నాయో ఊహించుకోండి.

మేనిఫెస్టోలో పెద్ద హామీలు మీరు ఊహించినవే. జమీందారీ రద్దు, శిస్తు తగ్గింపు, అప్పుల నుంచి విముక్తి, ఉచిత ప్రాథమిక విద్య. నాకు మాత్రం ఎప్పుడు చదివినా ఒక చిన్న హామీ దగ్గర చూపు ఆగిపోతుంది: కాలువల్లో, చిత్తడి మడుగుల్లో పేరుకున్న గుర్రపు డెక్కను తీసేస్తామన్నారు. కొల్లేటి చుట్టుపక్కల వాళ్లకు, గోదావరి కాలువల మీద బతికేవాళ్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు. ఒక్క సీజన్లో నీళ్లు కనపడకుండా పరుచుకుంటుంది. తూర్పు బెంగాల్లో వరద నీటితో పాటు కొట్టుకొచ్చి వరి మీద పడేది, పడవ కదిలేది కాదు. పడవ కదలకపోతే సరుకు సంతకు పోదు. ఒక రాజకీయ పార్టీ ఈ మొక్క పేరు మేనిఫెస్టోలో రాసిందంటే, రాసినవాళ్లలో కనీసం కొందరికి మోకాలి లోతు బురదలో దిగిన అనుభవం ఉందని నేను నమ్ముతాను.

ఇక పటువాఖాలీ పోటీ. అది ఢాకా నవాబుల జమీందారీలోని నియోజకవర్గం. ఆ కుటుంబానికే చెందిన ఖ్వాజా నజీముద్దీన్ ముస్లిం లీగ్ తరఫున నిలబడ్డాడు. హక్ ఎదురు నిలిచాడు. నవాబు భూమి దున్నుకునే రైతులే ఓట్లేసి నవాబు మనిషిని చిత్తుగా ఓడించారు. మన దగ్గరా అదే ఏడాది అలాంటిదే జరిగింది. బొబ్బిలిలో బొబ్బిలి రాజాను వి.వి. గిరి ఓడించారు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఎన్నిక గురించి చెప్పేటప్పుడు గొంతులు మారిపోయేవి. పటువాఖాలీ గురించి బరిసాల్ ఇళ్లలోనూ అలాగే చెప్పుకుని ఉంటారు.

ఇప్పుడు లెక్కలు. శాసనసభలో 250 స్థానాలు. కాంగ్రెస్‌కు దాదాపు 54, ముస్లిం లీగ్‌కు 39, కృషక్ ప్రజా పార్టీకి 36. మిగతావాళ్లలో స్వతంత్రులు ఎక్కువ. ఐరోపా వాళ్లకు 25 స్థానాలు కేటాయించారు, వాళ్ల వెనుక ఉన్నది జనపనార మిల్లులు, తేయాకు కంపెనీలు. ఓటు హక్కు కూడా అందరికీ లేదు, ఎక్కువగా ఎంతో కొంత పన్ను కట్టేవాళ్లకే. కూలీకి, పాలికాపుకు ఓటు లేనట్టే.

36 మందితో ప్రభుత్వం నడవదు. హక్ మొదట వెళ్లింది కాంగ్రెస్ దగ్గరికే. ఆ చర్చలు ఎందుకు చెడ్డాయన్నది బెంగాల్ చరిత్రలో బాధాకరమైన ఘట్టం. పాల్గొన్నవాళ్లు తర్వాత రాసుకున్న దాన్ని బట్టి పేచీ వచ్చింది కార్యక్రమంలో దేన్ని ముందు పెట్టాలన్న దగ్గర. రాజకీయ ఖైదీల విడుదల ముందుండాలి, గవర్నరు ఒప్పుకోకపోతే రాజీనామా చేయాలని కాంగ్రెస్ వాళ్లు. ముందు కౌలు చట్టం, అప్పుల చట్టం తేవాలి, ఆ తర్వాతే రాజీనామా మాట అని ప్రజా పార్టీ వాళ్లు. రెండూ న్యాయమైన కోరికలే. జైళ్లలో ఉన్నవాళ్లు తమ జీవితాలు దేశానికిచ్చినవాళ్లు. కానీ ఖైదీల విషయంలో మొదటి నెలలోనే ప్రభుత్వం పడిపోతే మళ్లీ ఏం ముఖం పెట్టుకుని రైతు దగ్గరికి పోవాలన్నది ప్రజా పార్టీ భయం. దానికి తోడు, ఏ ప్రావిన్సులోనైనా పదవులు తీసుకోవాలా వద్దా అన్నదే అఖిల భారత కాంగ్రెస్ అప్పటికి తేల్చుకోలేదు. తేల్చుకునేసరికి జులై వచ్చింది. ఈలోగా ముస్లిం లీగ్ హక్ ముందు చేయి చాచింది. ఆయన పట్టుకున్నాడు.

ఇక మీ రెండో ప్రశ్నకు, మంత్రుల జాబితాకు వద్దాం. నా క్లాసులో ఈ జాబితా బోర్డు మీద రాసి, ఒక్కొక్క పేరు పక్కన ఆ మనిషి ఎవరో పిల్లల చేతే రాయించేవాణ్ని. పదకొండు మంది. హక్ తన దగ్గర విద్యాశాఖ ఉంచుకున్నాడు. హోం శాఖ నజీముద్దీన్‌కు. అవును, పటువాఖాలీలో రైతులు ఓడించిన ఆ నజీముద్దీనే. లీగ్ నాయకుడు సుహ్రావర్దీ రెండు చోట్ల గెలిచి కలకత్తాలో ఒక స్థానం ఖాళీ చేస్తే, నజీముద్దీన్ అక్కడి నుంచి ఉపఎన్నికలో గెలిచి సభకు వచ్చాడు. ఆ సుహ్రావర్దీకి వాణిజ్యం, కార్మిక శాఖ. వ్యవసాయం, పరిశ్రమలు ఢాకా నవాబు హబీబుల్లాకు. రవాణా, పనుల శాఖ కాశింబజారు మహారాజా శ్రీశ్ చంద్ర నందీకి. న్యాయశాఖ నవాబు ముషర్రఫ్ హుస్సేన్‌కు. అడవులు, ఎక్సైజు జల్‌పాయీగురి వైపు పెద్ద ఎస్టేటుదారు ప్రసన్న దేవ్ రాయ్‌కత్‌కు. ఆర్థికశాఖ నళినీ రంజన్ సర్కార్‌కు. ఆయన జమీందారు కాదు, బీమా వ్యాపారంలో పేరు తెచ్చుకున్న మనిషి. సహకార పరపతి, గ్రామీణ రుణాలు ముకుంద బిహారీ మల్లిక్‌కు. ఆయన నామశూద్ర కులస్థుడు, పొలం పని చేసుకునే సమాజం నుంచి వచ్చినవాడు.

రెవెన్యూ శాఖ విజయ్ ప్రసాద్ సింగ్ రాయ్‌కి వెళ్లింది. చక్‌దిఘీ జమీందారీ కుటుంబం.

పిల్లలు ఇక్కడ ఆగిపోయేవారు. జమీందారీ రద్దు చేస్తామని ఓట్లడిగిన పార్టీ ప్రభుత్వంలో భూమి ఫైలు జమీందారు బల్ల మీద. వ్యవసాయం నవాబు బల్ల మీద. పదకొండు మందిలో కనీసం ఆరుగురు జమీందారులో, ఆ కుటుంబాల వాళ్లో. కృషక్ ప్రజా పార్టీ తరఫున హక్‌తో పాటు జాబితాలోకి ఎక్కింది ఒక్కడు, జెస్సోర్ ప్రాంతపు సయ్యద్ నౌషేర్ అలీ. ఆయనకు ప్రజారోగ్యం, స్థానిక పాలన ఇచ్చారు. పార్టీ కార్యదర్శి షంసుద్దీన్ అహ్మద్ పేరు చివరి నిమిషంలో ఎగిరిపోయింది.

ఇందులో హక్ తప్పెంత, ఒత్తిడి ఎంత అన్నది చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. నా అభిప్రాయం చెబుతాను. 36 మంది ఉన్న పార్టీకి అన్ని శాఖలూ రావు, అది నిజం. కానీ ప్రధాని పదవికి బదులు రెవెన్యూ శాఖ అడిగి ఉంటే? లేదా ప్రధానిగా ఉంటూనే విద్యకు బదులు రెవెన్యూ తన దగ్గర పెట్టుకుని ఉంటే? బడులంటే ఆయనకున్న ప్రేమ నాకు తెలుసు, తూర్పు బెంగాల్లో ఎన్నో బడులు, కాలేజీలు ఆయన చలవే. అయినా రైతు ఆయనకు ఓటేసింది ముందుగా భూమి కోసం. కుర్చీ దొరికిన రోజున ఆయన భూమిని వదిలేశాడనే బాధ నాకు ఇన్నేళ్లయినా పోలేదు.

నౌషేర్ అలీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన పేరు మన వైపు ఎవరికీ తెలియదు. హామీలు ఏమయ్యాయని మంత్రివర్గం లోపలే అడుగుతూ వచ్చాడు. రాజీనామా చేయమంటే చేయనన్నాడు. 1938 జూన్‌లో హక్ మొత్తం మంత్రివర్గం రాజీనామా ఇచ్చి, అదే రోజుల్లో ఆయన ఒక్కణ్ని వదిలేసి మిగతా అందరితో మళ్లీ ప్రమాణం చేయించాడు. ఒక్క మనిషిని బయటికి పంపడానికి ప్రభుత్వాన్నే మార్చారు. ఆ ఆగస్టులో మంత్రుల మీద అవిశ్వాస తీర్మానాలు వచ్చాయి. ప్రభుత్వాన్ని గట్టెక్కించింది ఐరోపా సభ్యుల ఓట్లు. రైతు పార్టీ ప్రధాని మిల్లుల యజమానుల ఓట్లతో నిలబడాల్సి వచ్చింది. అప్పటికే ప్రజా పార్టీలో ఒక వర్గం ప్రతిపక్షంలోకి వెళ్లిపోయింది, హక్ 1937 అక్టోబరులో లక్నోలో ముస్లిం లీగ్‌లో చేరిపోయాడు. 1938 నవంబరులో షంసుద్దీన్ అహ్మద్‌ను పిలిచి మంత్రిని చేశారు. మూడు నెలలకే ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

ఇంతవరకూ చదివి ‘అయితే రైతుకు ఏమీ రాలేదన్నమాట’ అనుకోకండి. అది తప్పు. మీ మూడో ప్రశ్నకు జవాబు మీరనుకున్నంత చేదుగా ఉండదు.

1938లో బెంగాల్ కౌలు చట్టానికి సవరణ వచ్చింది. ఆ 20 శాతం సలామీ రద్దు. ముందుగా కొనుక్కునే హక్కు జమీందారు చేతి నుంచి పోయి, పక్కన ఉమ్మడి హక్కున్న రైతుకు వచ్చింది. శిస్తు పెంచడానికి వీలిచ్చే సెక్షన్లన్నీ పదేళ్ల పాటు నిలిపేశారు. బకాయి శిస్తు మీద వడ్డీ 12.5 శాతం నుంచి 6.25కి, అంటే సగానికి దిగింది. అబ్వాబ్ వసూలు చేస్తే శిక్ష. గుమస్తా దౌర్జన్యం కింద నలిగిన మనిషికి ఇవన్నీ ఆ ఏడే చేతికొచ్చిన మేలు. అంతమంది జమీందారులున్న మంత్రివర్గం ఈ చట్టం ఎందుకు తెచ్చింది? ఎందుకంటే సభలో రెండు వైపులా కూర్చున్న ముస్లిం సభ్యుల్లో ఎక్కువమందిని పంపింది పల్లె ఓటర్లే. ఖాళీ చేతులతో ఊరికి పోతే తిరిగి రానివ్వరని వాళ్లకు తెలుసు. మంత్రుల జాబితాలో ఓడిన రైతు ఓటర్ల జాబితాలో ఉండబట్టి ఇంతైనా గెలిచాడు.

అప్పుల విషయంలో రుణ పరిష్కార బోర్డులు ఊరూరా పెట్టారు. వాటి చట్టం 1935లోనే వచ్చింది, దాన్ని పల్లెలకు విస్తరించింది ఈ ప్రభుత్వం. ఊరి మనుషులే బోర్డు సభ్యులు. మహాజను తన పద్దు పుస్తకం తెచ్చి అందరి ముందూ విప్పాలి. బోర్డు అప్పు తగ్గించి, వాయిదాలు నిర్ణయించేది. 1940లో వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది: లైసెన్సు లేనిదే వ్యాపారం కుదరదు, చక్రవడ్డీ చెల్లదు, అసలుకు రెట్టింపు మించి వసూలు చేయకూడదు.

అయితే ఇక్కడే పెద్ద చిక్కొచ్చింది. మహాజనులు అప్పులివ్వడం మానేశారు. పాత అప్పు తగ్గినందుకు సంతోషించిన రైతుకు జ్యేష్ఠంలో విత్తనానికి డబ్బు దొరకలేదు. సహకార సంఘాలు అప్పటికే చితికిపోయి ఉన్నాయి. వడ్డీ వ్యాపారిని కట్టడి చేసేటప్పుడు ఆ ఖాళీ నింపే బ్యాంకు ఏదో ముందే తయారుగా ఉండాలి, అది లేకుండా పోయింది. భూమి అమ్ముకోవడం సులువు చేశారు కదా, చాలామంది అప్పు పుట్టక భూమే అమ్ముకున్నారు. కొన్నది ఎవరు? ఊళ్లోని పెద్ద రైతులు, అంటే అక్కడి మాటలో జోతేదారులు. పార్టీకి వెన్నెముకగా నిలిచింది కూడా వాళ్లే, అది గుర్తుంచుకోవాలి.

అందరికన్నా అడుగున ఉన్నవాడు బర్గాదారు. సొంత హక్కు లేకుండా వేరేవాళ్ల భూమి దున్ని పంటలో సగం ఇచ్చేవాడు. మన సగపాలు లెక్క. 1938 చట్టంలో వాళ్లకు ఒక్క ముక్క కూడా లేదు. వాళ్లలో చాలామందికి ఓటు లేదు, వాళ్ల యజమానులకు ఉంది. ‘రైతు’ అన్న ఒక్క మాట కింద ఎవరెవరిని కలిపేస్తున్నామో చూసుకోవాలని నేను పిల్లలకు చెప్పేది ఇందుకే. ఎకరం ఉన్నవాడూ రైతే, యాభై ఎకరాలున్నవాడూ రైతే, కౌలుకు చేసేవాడూ రైతే. పార్టీ పేరు ఒకటే, చట్టం చేరింది మాత్రం పైమెట్టు దాకానే. బర్గాదారులు 1946లో మూడింట రెండు వంతులు మాకు కావాలని తెభాగా ఉద్యమం లేవదీసింది ఆ బాకీ కోసమే.

జమీందారీ రద్దు హామీ ఏమైందంటే, కమిషన్‌కు పోయింది. 1938 నవంబరులో సర్ ఫ్రాన్సిస్ ఫ్లౌడ్ అధ్యక్షతన భూమి కమిషన్ వేశారు. 1940 మార్చిలో వాళ్లు నివేదిక ఇచ్చారు: పరిహారం ఇచ్చి జమీందారీని తీసేయాలి, బర్గాదారుకు మూడింట రెండు వంతుల పంట దక్కాలి. రైతు పార్టీ అడగాల్సిన రెండు మాటలూ అందులో ఉన్నాయి. అదే మార్చి నెల 23న లాహోరులో ముస్లిం లీగ్ మహాసభలో తీర్మానం ప్రవేశపెట్టింది ఫజ్లుల్ హకే. తర్వాత పాకిస్తాన్ తీర్మానమని పేరుపడ్డది అదే. దేశమంతా దాని గురించే మాట్లాడింది. ఫ్లౌడ్ నివేదిక బీరువాలోకి వెళ్లింది.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. జిన్నాతో చెడి హక్ 1941 డిసెంబరులో శ్యామాప్రసాద్ ముఖర్జీని ఆర్థికమంత్రిగా పెట్టుకుని రెండో మంత్రివర్గం కట్టాడు. 1943 మార్చిలో గవర్నరు హెర్బర్ట్ ఒత్తిడితో దిగిపోయాడు. ఆ ఏడే మహా కరువు. 1946 ఎన్నికల్లో ప్రజా పార్టీకి వేళ్ల మీద లెక్కపెట్టే స్థానాలు. జమీందారీ చివరికి తూర్పు బెంగాల్లో 1950 చట్టంతో, పశ్చిమ బెంగాల్లో 1953 చట్టంతో పోయింది. 1954లో ఎనభై ఏళ్ల వయసులో హక్ కృషక్ శ్రామిక్ పార్టీ పేరుతో మళ్లీ తూర్పు బెంగాల్ ముఖ్యమంత్రి అయ్యాడు. రెండు నెలలు తిరక్కుండానే పాకిస్తాన్ కేంద్ర ప్రభుత్వం బర్తరఫ్ చేసింది.

మన వైపు సంగతి కూడా కలిపి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అదే 1937 జులైలో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. అది రైతు పార్టీ కాదు, కాంగ్రెస్. కానీ రెవెన్యూ శాఖ టంగుటూరి ప్రకాశం గారికి వచ్చింది. జమీందారీ విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఊళ్లు తిరిగి రైతుల చేత చెప్పించుకున్నారు. అదే కాలంలో మన రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన యాత్ర చేశారు. 1938లో ప్రకాశం సంఘం తేల్చి చెప్పింది: భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే, శిస్తు 1802 నాటి స్థాయికి దిగాలి. ఎంత గొప్ప మాట! కానీ 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, చట్టం కాలేదు. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు. అప్పుల విషయంలో మాత్రం 1938లోనే మద్రాసు చట్టం వచ్చింది, 1932 అక్టోబరుకు ముందు చేసిన సేద్యపు అప్పుల మీద పేరుకున్న వడ్డీ కొట్టేసింది.

కాబట్టి నిజాయితీగా చెప్పాలంటే, 1938లో బెంగాల్ రైతుకు చట్టం దక్కింది, మన జమీందారీ రైతుకు నివేదిక దక్కింది. మంత్రుల జాబితా చూసి అంతా తేల్చేయకూడదనడానికి ఇదే సాక్ష్యం. అయినా జాబితా ముఖ్యమే అంటాను. మన రైతుకు దక్కిన నివేదికలో భూమి నీదే అన్న మాట ఉంది, పదేళ్ల తర్వాత వచ్చిన చట్టానికి అది బాట వేసింది. బెంగాల్ చట్టం బరువు తగ్గించింది గానీ, మోయించేవాణ్ని అక్కడే ఉంచింది.

పంజాబ్ గురించి ఎవరైనా అడుగుతారని రెండు మాటలు. అదే 1937లో అక్కడ యూనియనిస్టు పార్టీ గెలిచింది, సికందర్ హయాత్ ఖాన్ ప్రధాని. దాన్ని జమీందారుల పార్టీ అంటారు, కానీ పంజాబీలో జమీందారు అంటే సొంత భూమి దున్నుకునే రైతు కూడా. పెద్ద భూస్వాములు అందులోనూ ఉన్నారు. తేడా ఎక్కడంటే సర్ ఛోటూ రామ్ దగ్గర. అభివృద్ధి శాఖ చేతిలో పెట్టుకుని తాకట్టు భూములు తిరిగి ఇప్పించే చట్టం, వడ్డీ వ్యాపారుల రిజిస్ట్రేషన్ చట్టం, 1939లో మార్కెట్ కమిటీల చట్టం తెప్పించాడు. మన మార్కెట్ యార్డుల వెనక ఉన్న ఆలోచన అదే. దాని గురించి విడిగా అడగండి, రాస్తాను.

చివరగా మీ ట్రంకు పెట్టె. ఆ రసీదుల్లో ముందు వైపు శిస్తు, సెస్సు, ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరం, కరణం సంతకం ఉంటాయి. అది చూసి ఆగకండి, వెనక్కి తిప్పండి. మా తాత దగ్గరున్న వాటిలో ఒకదాని వెనక పెన్సిలుతో ఆయన చేతిరాత ఉంది: దివాణానికి నెయ్యి రెండు శేర్లు, కోళ్లు రెండు, అమీను మామూలు అర్ధరూపాయి. ముందు వైపు అచ్చులో ఇవేవీ లేవు. చట్టం ఒప్పని వసూలుకు రసీదు ఎవరిస్తారు! బెంగాల్లో అబ్వాబ్ అన్నవి ఇవే. పెన్సిలు గీత వెలిసిపోతుంది, అందుకని పగటి వెలుతురులో రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమ్మ పడుతుంది, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. వెనక వైపు ఏమైనా కనిపిస్తే ఇక్కడ పెట్టండి, చదవడానికి నేను సాయం చేస్తాను. పాత గొలుసుకట్టు రాత నాకు బాగానే అలవాటు.